వద్దన్నది ఎవరు

ఆండీస్‌లో మంచు కరిగే అక్టోబరు నెల. పొద్దున్నే కొండ అంచున స్కీలు కట్టుకుని నిలబడ్డ రొసెందా, చేతికర్రను మంచులో గుచ్చింది. అది పిడిదాకా దిగిపోయింది.

“రాత్రి మబ్బు పట్టిందిరా ఎలాదియో. మంచు గడ్డకట్టనే లేదు.”

“పైపైన మెత్తబడిందంతే అక్కా. ఎండ ముదరకముందే దిగిపోదాం.”

“అడుగున నీళ్ల చప్పుడు వినబడట్లా?”

“నాన్న పోయినప్పట్నుంచీ నీకు ప్రతి వాలులోనూ అదే వినబడుతోంది.”

“ఆయన ఈ వాలు కిందే ఉన్నాడురా. ఇంకా దొరకనే లేదు.”

“మంచు తగ్గింది, ఈసారి కనబడొచ్చు. అందుకే కదా వచ్చాం. సరే, ఆయన పెట్టిన పద్ధతే కానిద్దాం. ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కి. ఎందుకని అడగకూడదు. నేను దిగుదామంటున్నా. మరి నువ్వు?”

రొసెందా వాలు కిందికి చూసింది. సరేననబోయి ఆగిపోయింది. తిరిగి చూస్తే తమ్ముడు వంగి స్కీలు విప్పుకుంటున్నాడు.

“విప్పేస్తున్నావేంరా?”

“నువ్వు వద్దన్నావుగా. ఎందుకని అడిగానా, చూడు.”

“నేనెక్కడన్నాను? వద్దని నువ్వన్నావనుకునే ఆగాను.”

వాళ్ల కాళ్ల ముందే మంచు అడ్డంగా చీలింది. వాలు వాలంతా కలిపిన సిమెంటులా బరువుగా, నిదానంగా లోయలోకి జారిపోయింది. చప్పుడు సద్దుమణిగాక ఎలాదియో అక్క వైపు తిరిగాడు.

“అక్కా, ఆ ‘వద్దు’ నీకు ఎటునుంచి వినబడింది?”

“కింద నుంచి.”