హాసిని తోటకి మైకు సెట్టు

"తాతగారూ, మీ పెరట్లో ఆ తోట ఎవరు వేసిచ్చారండీ? మావాడికీ అలాంటిది వెయ్యాలని ఉంది."

ఎవరో వేసిచ్చేదేంటమ్మాయ్! ఈ చేతులే. కూర్చో, చెప్తా.

మా హాసిని తెలుసుగా, నా మనవరాలు. ఆటిజం అన్నారు బెజవాడ డాక్టరమ్మగారు. మిక్సీ తిరిగితే చాలు, చెవులు మూసుకుని మంచం కిందకి దూరేది. గుమ్మం దాటేది కాదు. "తాకటానికి, వాసన చూడటానికి పెరట్లో చిన్న తోట వెయ్యండి, తనంతట తను బయటికి రావాలి" అన్నారావిడ. మా కోడలు శిరీష నా వంక చూసింది. ఇంకెవరి వంక చూస్తుంది? బందర్లో నాలాంటి రైతు ఇంకోడున్నాడా? నాగాయలంకలో నేను నారు పోస్తే సముద్రం భయపడి వెనక్కి జరిగేది... నవ్వకు, కొంచెమే జరిగేదిలే.

పెరడంతా ఒక్కణ్ణే తవ్వాను. అంటే, మనిషిని పెట్టాననుకో, కానీ వాడు తవ్వింది నా అరుపులకే. ఏటి ఇసుక పోశాను, కొబ్బరి పీచు పరిచాను. మరువం, దవనం, పుదీనా, ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి. చేలో కనపడితే పీకి పారేసే కలుపది! దానికి కుండీ కొని నీళ్లు పోసిన రైతుని జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే.

ఇంతలో దిగాడు గుడివాడ నుంచి మా వియ్యంకుడు, శిరీష నాన్న. ఆయనకి బోరు వేసినా రిబ్బను కత్తిరించాలి, గేదె ఈనినా భోజనాలు పెట్టాలి. "మనవరాలి తోట ఊరికే మొదలెడతామా బావగారూ" అని షామియానా, సన్నాయి మేళం, మైకు సెట్టు! చప్పుడంటే హడలిపోయే పిల్లకి! చుట్టాలంతా వచ్చారు. దిష్టి తీయించమన్నారు, తాయెత్తు కట్టమన్నారు, మళ్లీ పులిహోర వడ్డించుకున్నారు. ఒకావిడైతే పిల్ల మొహంలో మొహం పెట్టి "దీనికి మాటలొస్తాయాండీ?" అంది. "మీకు ఆగుతాయాండీ?" అన్నాను.

మైకులో డోలు మోగిందో లేదో, హాసిని కేక పెట్టింది. వైరు పట్టి ఒక్క లాగు లాగాను, బందరంతా కరెంటు పోయింది. అంటే, మా వీధికి. సరే, మా ప్లగ్గు ఊడిందనుకో.

అంతే, ఇక పెరటి తలుపు తీస్తే చాలు, పిల్ల లోపలికి పరుగు. "ఇంక బయటికి రాదేమో మావయ్యగారూ" అని శిరీష వంటింట్లో నిలబడి ఒకటే ఏడుపు.

అప్పుడు చేశానమ్మాయ్, మా వంశంలో ఎవరూ చెయ్యని ఘనకార్యం. రోజూ పొద్దున్నే ఆ ఇసుక పక్కన కూర్చుని నోరు మూసుకున్నాను. నేను! నాకు పక్షవాతం వచ్చిందనుకుని పక్కింటివాళ్లు యాపిల్సు పట్టుకొచ్చారు. వియ్యంకుడు ఫోన్ చేసి హోమం చేయిద్దామన్నాడు. జవాబు చెప్పలేదు. శిరీషే ఫోన్ పెట్టేసింది.

అలా చాలా రోజులు పోయాక, ఓ పొద్దున తలుపు కదిలింది. నేను తల తిప్పలేదు. తడి ఇసుకలో ఓ చిన్న పాదం. ఇంకోటి. వచ్చి నా పక్కనే కూర్చుంది. దవనం రెబ్బ తుంచి, నలిపి, వాసన చూసుకుని... నా ముక్కు దగ్గర పెట్టిందమ్మాయ్. ఆ వాసన ఎంతుందంటే... ఎంతంటే...

ఏమోనమ్మా, చెప్పలేను.

మీవాడు చల్లగా ఉండాలి తల్లీ. రేపు పొద్దున తీసుకురా. ఇసుక తడిపి ఉంచుతా. నేనేం పలకరించన్లే.