సెట్టి బండికి కట్టిన నిమ్మకాయ

ఒరే రాజూ, మొదలు ఆ ఇంజను ఆపు. ఆపురా అంటే! షెడ్డు తలుపులు రెండూ ఏసుకోని, లోపల బండిని గుర్రుగుర్రుమనిపించుకుంటా కూచుంటావా? వాన జల్లు కొడితే కొట్టనీ, తడిస్తే తడవనీ, తలుపు తెరువు. ఆ, అట్ల. ఇట్లొచ్చి ఈ అరుగు మీద కూచో. తాతకు మతి చలించింది అనుకుంటాండావు కదా? అనుకో. నీకు నాగసుబ్బయ్య సెట్టి తెలీదు. తెలిసినోళ్లంతా పోయినారు, నేనూ మీ అవ్వా మిగిలినాం.

ఇదే ఓర్వకల్లు. ఇప్పుడు సిమెంటు అంగడి ఉండాదే, ఆడ వాళ్ల ఇల్లు. కోమట్ల పిల్లోడు, ఇంట్లో నూనె యాపారం, ఏం కొదవ? ఈయప్పకు అంగట్లో కూచోబుద్ధి కాదు. కాలవ పనికొచ్చిన దొర ఒకాయన వాళ్ల ఇంగ్లండు సీమకు పోతా పోతా తన కారు బండి అమ్మేసి పోతే ఈయప్ప తెచ్చుకున్నెడు. రెండే సీట్లు, పైన కప్పు ల్యా, ముందర ఇంత పొడుగు మూతి. పరిగెత్తే బండి అది, బరువు మోసేది కాదు. కర్నూలు రోడ్డులో బస్సును దాటుకోని పోతాంటే మా ఎద్దులు బెదిరి చేన్లల్లో పడేటివి. నేను తిట్టేవాన్ని, ఆయప్ప నవ్వేటోడు. యాడ చెడినా మెకానిక్కును పిల్చేది లేదు. పంచె ఎగ్గట్టి బండి కింద దూరితే కాళ్లు మాత్రమే కనపడతాండె. రేడియేటరు ఇత్తడికి చింతపండు పెట్టి తోమేది కూడా తనే. వాళ్లమ్మ రాజ్యలక్ష్మమ్మ వాకిట్లో నిలబడి, "ఏందిరా ఆ మసి చేతులు? పెండ్లాం ముక్కుపుడకనైనా ఎప్పుడన్నా ఇంత బాగా తుడిచినావా?" అనేది. ఆ పెండ్లాం సుందరలక్ష్మి లోపల నుంచి కిసుక్కున నవ్వేది. శానా మంచి పిల్ల. ఎండకు పోతాంటే మజ్జిగ పోసి పంపేది, మాల మాదిగ అని చూడకుండా. సరే, ఆ మాట ఎందుకులే ఇప్పుడు.

ఆ పిల్లకు తొలి కాన్పు అప్పుడు నా బండే కట్టినా. ఎద్దుల బండి. నెప్పులు నిలబడిపోయినాయి, కర్నూలు ఆస్పత్రికి తీసుకపోవల్ల. రోడ్డంతా రాళ్లు. కుదుపు కుదుపుకూ ఆ పిల్ల అరుస్తాంటే, సెట్టి నా బండి పక్కనే పరిగెత్తుకుంటా వచ్చినాడు. ఆయప్ప మోటారు ఆ పొద్దు విప్పిపెట్టి ఉండె, ఇంజను ముక్కలు ముక్కలుగా గోనెపట్టా మీద ఉండె. కల్లూరు దాపుకొచ్చేసరికి బిడ్డ పుట్టింది, ఏడవలా. ఏడవనే ల్యా నాయనా. సెట్టి ఆ బిడ్డను పంచెలో చుట్టుకోని రోడ్డు పక్కన కూచున్నెడు. "ఇంకోసారి ఇట్ల జరగనియ్యను దాసన్నా" అన్నాడు నాతో, అంతే.

మల్లా ఆ పిల్ల నీళ్లోసుకునే నాటికి జర్మనీ యుద్ధం. పెట్రోలు దొరకదు, కూపన్లంటారు, కూపన్లున్నా బంకులో ఉండదు. అప్పుడు బస్సులకు ఎనకాల డ్రమ్ములు తగిలించి బొగ్గుల గ్యాసుతో నడిపేటోళ్లు. సెట్టి చూసొచ్చినాడు. పాత డ్రమ్ము తెచ్చి, పొయ్యి చేసి, గొట్టాలు అతికించి, చేత్తో తిప్పే ఫ్యాను ఒకటి పెట్టి, ఆ చక్కని బండి ఎనకాల కట్టినాడు. సూడనీకి వంకరగా ఉండె, అయినా నడిచింది. పక్క సీటు కోసి, పడుకునేట్ల చేసి పరుపు ఏసినాడు. కుదుపు తగలకుండా స్ప్రింగు పట్టీల నడుమ పెట్టనీకి మా నాయన్ను అడిగి తోలు ముక్కలు తీస్కపాయ. అంతా ఆ పిల్ల కోసరమే. ఊర్లో అందరికీ తెలుసు.

ఇంగ చూడు, ఆడ మొదలైంది కథ. షెడ్డులో డ్రమ్ము ముట్టించినప్పుడంతా సెట్టికి తలనొప్పి. కక్కుకునేటోడు, కండ్లు తిరిగి గోడ పట్టుకునేటోడు. సెగకనుకున్నెడు ఆయప్ప. వాళ్లమ్మ ఊరుకుంటాదా? మిరపకాయలు దిగదీసి నిప్పుల్లో ఏసింది. ఘాటే రాలేదు. "చూస్తివా, దగ్గు కూడా రాలా! ఎంత దిష్టి ఉందో! ఊరందరి కండ్లూ ఆ బండి మీదనే" అని, షెడ్డు కిటికీలకు గోనెసంచులు కుక్కింది, తలుపు సందులకు గుడ్డలు కూడా. సెట్టి నవ్వినాడు. "నీ తృప్తి నీదిలేమ్మా" అన్నాడు. ఇనుము సంగతంతా తెలుసు ఆయప్పకు, పొగలేని పొగ సంగతి తెలీకపాయ.

నెప్పులొచ్చింది తెల్లారినాక. నేను చేనికి పోతా వాళ్ల వాకిట్లో ఆగినా. సెట్టి డ్రమ్ము ముట్టించి, ఫ్యాను తిప్పి, ఇంజను పట్టుకున్నెంక పెండ్లాన్ని ఎత్తుకొచ్చి పరుపు మీద పండబెట్టినాడు. షెడ్డు పెద్ద తలుపు తీయబోతే వాళ్లమ్మ అడ్డం. వాకిట్లో జనం మూగినారు కదా. "ఇంతమంది కండ్లల్లో కడుపుతో ఉన్నదాన్ని తీస్కపోతావా? పోయినసారి మంచి శకునం చూడకుండా పోయే కదా అట్లయింది. పో, అయ్యవారి పెండ్లాన్ని ఎదురు పిల్చకరా, ఆమె వచ్చినంకనే తలుపు తీస్తా" అనె. సెట్టి ఒక్క క్షణం నిలబడినాడు. పోయిన బిడ్డ గుర్తొచ్చింటాది. పక్క తలుపు గుండా పరిగెత్తినాడు. ఆమె ఆ తలుపు కూడా మూసి, పెద్ద తలుపుకు వీపు ఆనించి నిలబడె.

అయ్యవారి పెండ్లాం తలకు పోసుకుంటాందంట, ఆగమన్నారంట. ఈడ ముసలామె తలుపుకు చెవి పెట్టి, "సుందరీ, ఎట్లుందే?" అంటే, "ఊఁ అత్తా" అంటాండె. నాకు ఇనపడింది. మల్లా అడిగింది. మల్లా "ఊఁ". ఇంగోసారి అడిగితే ఇంజను శబ్దం తప్ప ఏం ల్యా. "నెప్పి తగ్గి కునుకు పట్టినట్టుంది, తల్లి" అని ముసలామె మా దిక్కు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకింకా కండ్లల్లో ఉండాది రాజూ.

అయ్యవారి పెండ్లాం నీళ్ల బిందెతో ఎదురొచ్చె. తలుపు తీసినారు. ఆ పిల్ల అట్లనే పండుకోని ఉండె. చెంపలు ఎర్రగా, పెండ్లినాడు పూసుకున్నెట్ల. సెట్టి ఎంత లేపినా లేవలా. కడుపులో బిడ్డ కూడా పోయింది. ఊరంతా ఒకే మాట, దిష్టి కొట్టింది అని.

కర్మాలన్నీ అయిపోయినాక ఒకనాడు మా పేటకొచ్చినాడు సెట్టి. గడ్డం పెరిగి, మనిషి సగమైపాయ. "దాసన్నా, ఒక కోడినియ్యి" అన్నాడు. మీ అవ్వ విశ్వాసమ్మ బిత్తరపోయింది. కోమటాయప్పకు కోడెందుకు? గంప కింద నుంచి పెట్టను తీసిచ్చినా, ఎంబడి పోయినా. వాళ్లమ్మ గుడికి పోయింది. సెట్టి కోడిని గంపతో ఆ పరుపు మీదనే పెట్టి, డ్రమ్ము ముట్టించి, ఇంజను పట్టించి, తలుపు మూసి నా పక్కన కూచున్నెడు. కొంచేపుండి తలుపు తీసినాడు. కోడి కాళ్లు చాపేసింది. ఏం గాయం ల్యా, కుట్టింది ల్యా. సెట్టి దాన్ని పట్టుకోని ఏడ్చినాడు నాయనా, చిన్న పిల్లోని మాదిరి. "గ్యాసు దాసన్నా. నేను చేసిన గ్యాసే. మూసిన తలుపే" అన్నాడు.

అంతలోకే వాళ్లమ్మ వచ్చె, చేతిలో ప్రసాదం. "ఏమైందిరా?" అనింది. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకోని ఒత్తినాడు, నొప్పిపుట్టేట్ల. "ఏం లేదమ్మా. నువ్వన్నదే నిజం. దిష్టే" అన్నాడు. ఆ పొద్దే పోయి నిమ్మకాయ, మిరపకాయలు కొనుక్కోనొచ్చి బండి మూతికి కట్టినాడు. అట్లాంటివి చూస్తే నవ్వేటోడు, తన చేత్తోనే. మల్లా ఆ బండి నడపలా. షెడ్డు తలుపులు మాత్రం ఊడబెరికి నాకిచ్చినాడు, కట్టెలకు పనికొస్తాయని. నిమ్మకాయ ఎండిపోతే కొత్తది కట్టేటోడు, వాళ్లమ్మ బతికినన్నాళ్లూ.

ముసలామె శానా ఏండ్లు బతికింది. పొద్దు మునిగితే వాకిట్లో కూచోని తిట్లు లంకించుకునేది. "నా కోడలికి దిష్టి పెట్టిన ఆ కండ్లు పేలిపోను, ఆ చేతులు పడిపోను, వాళ్ల వంశం నాశనమైపోను" అని దుమ్మెత్తి పోసేది. సెట్టి పక్కనే కూచోని వింటాండె. "అవునా కాదారా?" అని అడిగేది. "అవునమ్మా" అనేటోడు. ప్రతి పొద్దూ అడిగేది, ప్రతి పొద్దూ...

వాన తగ్గినట్లుండాదే. పోయి చూడుపో, మీ అవ్వ ఆరేసిన వడియాలు తడిసినాయేమో.