ఈ పేరుతో ఎవరూ లేరు

లేదు బావా, తప్పు కంప్యూటర్ మీదికి నెట్టకు. అది అడిగింది. "ఈ ఇద్దరూ ఒక్కరేనా?" అని నీకు అర్థమయ్యే భాషలోనే అడిగింది. అవునని నొక్కిన వేలు నీది.

కూర్చో. ఆ ఆపిల్ పళ్ళు బల్లమీద పెట్టు. గొంతు తగ్గించు, గుమ్మం తెర అవతల అమ్మ పడుకుంది. తుంటి విరిగినప్పట్నుంచీ ఆవిడది కోడికునుకు. గుండె సంగతి డాక్టరు నీకూ చెప్పాడుగా. నీకు స్వయానా మేనత్త, పరాయి మనిషేం కాదు. ఏదీ, ఆవిడ పేరేమిటో చెప్పు చూద్దాం.

అప్పుడే కిటికీ వైపు తిరిగిపోయావు.

నీకు తెలీదు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆవిడ చేతి అన్నం తిన్నావు, ఇప్పుడు నీకు అరవై దాటాయి, పేరు మాత్రం తెలీదు. అందుకే, ఇంటర్నెట్టులో లోకమంతా చూసేలా పెట్టి, అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్న ఆ వంశవృక్షంలో, మా అమ్మ పేరుండాల్సిన గడిలో ఏం రాశావు? "పెద్దత్త".

ఎవరికి పెద్దత్త? నీకు. నాకు అమ్మ. మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయనకి భార్య. ఆ గడి మీద "పేరు" అని ఉందా, "నాకేమవుతుంది" అని ఉందా?

మగవాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఎంత ఓపిక నీకు. మీ నాన్నకి ఇంటిపేరు, పేరు, చదువు, ఉద్యోగం, రిటైరైన తేదీ. ఫొటోలో ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్న కుక్కకి కూడా కింద పేరు రాశావు. చూసి మొదట నవ్వుకున్నాను. తర్వాత ఒళ్ళు మండింది.

సరే, అసలు సంగతికొస్తాను. అమ్మ మంచాన పడ్డ దగ్గర్నుంచీ ఒకటే మాట. "దాన్ని ఒక్కసారి చూడాలే." దాన్ని అంటే ఆవిడ చెల్లెల్ని. మా పిన్ని, నీ చిన్నత్త. బస్సుల షెడ్డులో మెకానిక్కుని చేసుకుందని తాతయ్య మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వని మనిషి. వాళ్ళు ఊరు మారారు, ఉత్తరాలు ఆగిపోయాయి, తర్వాత ఎక్కడున్నారో ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు. అమ్మ అడగడం మానలేదు, ఎవరూ వెతకడం మొదలుపెట్టలేదు.

నేనే నీ వంశవృక్షం తెరిచి కూర్చున్నాను. బైండింగు షాపులో పనిచేస్తూ, అట్టలు వెయ్యడానికి వచ్చిన పుస్తకాల్ని వేసేముందు చదివేసి నాలుగు ముక్కలు నేర్చుకున్నదాన్ని, నాకు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నేర్పినవాళ్ళు లేరు. అయినా కూర్చున్నాను. ఎలా వెతకాలో చూద్దామని మొదట అమ్మ పేరు కొట్టాను. అసలు పేరు. "ఈ పేరుతో ఎవరూ లేరు" అంది. పక్కగదిలో మూలుగుతున్న మనిషిని పట్టుకుని లేదంది.

అమ్మనడిగి పిన్ని అసలు పేరు కొట్టాను. వచ్చింది. చచ్చిపోయి వచ్చింది.

ఎలాగో విను. తాతయ్య పిన్నికి తన తల్లి పేరు పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక తెలిసొచ్చింది, ఆ పేరు పెట్టి కూతుర్ని తిట్టలేనని. గిన్నె పగలగొట్టిందని కేకలెయ్యబోతే కన్నతల్లిని అన్నట్టుంటుంది కదా. దాంతో ఇంటిల్లిపాదీ ఆ పేరు పలకడం మానేశారు. చిన్నదీ అన్నారు, పిట్టా అన్నారు, నోటికొచ్చిందల్లా అన్నారు. చివరికి పిన్నికి అసలు పేరొకటి ఉందనే మర్చిపోయారు.

పిన్ని కూతురు మర్చిపోలేదు. నీ వృక్షం చూసి, ఇది మా అమ్మ పుట్టిల్లేనని పోల్చుకుని, తల్లిని చేర్చింది. అసలు పేరుతో, పుట్టింటి ఇంటిపేరుతో. అప్పుడే కంప్యూటర్ నిన్ను అడిగింది, ఈ ఇద్దరూ ఒక్కరేనా అని. తాతయ్య తల్లీ, తాతయ్య కూతురూ ఒక్కరేనన్నావు.

ఇప్పుడు తీసి చూడు ఆ పేజీ. పోయిన ఎన్నో ఏళ్ళకి బిడ్డని కన్న మహాతల్లి. తన కన్నకొడుక్కే కూతురు. పిన్ని కూతురేమో తాతయ్యకి చెల్లెలై కూర్చుంది. నీకెక్కడా తేడా కొట్టలేదా? ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసినవాడివి, పోయిందెవరో ఉన్నదెవరో తేల్చడమేగా నీ ఉద్యోగం?

తెలుసు, పేరు కచ్చితంగా సరిపోయిందంటావు. సరిపోయింది. నా ఏడుపూ అదే. పేరు కలిస్తే మనుషులు కలిసినట్టేనా? పేరు కలవకపోతే మనిషే లేనట్టా?

దగ్గరి పేర్లూ ముద్దుపేర్లూ కూడా వెతికే వీలుందట దాంట్లో. తీసేయించావట.

ఏమిటీ? ఎవరెవరో చుట్టాలమంటూ వచ్చేస్తున్నారా? చుట్టాల కోసం పెట్టినదాంట్లోకి చుట్టాలు రాక పాలవాడు వస్తాడా?

ఆ పిల్ల పేజీ కింద రాసింది కూడా. చూడలేదనకు, జవాబిచ్చావు. "మా అమ్మ బతికే ఉంది, వాళ్ళ అక్కయ్యని వెతుకుతోంది, దయచేసి సరిచెయ్యండి" అని అది. "రికార్డు ప్రకారం వీరు మరణించారు, తగిన ఆధారాలు పంపగలరు" అని నువ్వు. బతికున్నందుకు ఆధారాలు. వీరు, వారు అని ఎంత మర్యాద బావా.

ఆ పిల్ల ఫోన్ నంబరు కూడా పెట్టింది. నువ్వు చెయ్యలేదు. నేను చేశాను.

పిన్ని లేదు. మొన్న వానాకాలంలో పోయింది.

అలా చూడకు. నీళ్ళు కావాలంటే కూజా అక్కడుంది, నువ్వే వంచుకో.

పిన్ని రోజూ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని "అక్క పేరు కొట్టవే" అనేదట. అది కొట్టేది. ఎవరూ లేరనేది. "సరిగ్గా కొట్టావా? ఇంకోసారి కొట్టు" అంటూ కళ్ళజోడు తుడుచుకుని తెరకేసి చూసేదట. ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడున్నది పెద్దత్త. సొంత అక్కని పెద్దత్త అని ఏ చెల్లెలు వెతుక్కుంటుంది?

ఒకరోజు పిన్ని నవ్విందట. "నన్ను చచ్చిపోయిందని రాశారు, అక్క అసలు పుట్టనే లేదన్నారు. దానికంటే నేనే నయం" అందట. ఆ నోరు మన ఇంటిదే. ఆధారాలు కావాలన్నావుగా, అదే ఆధారం.

జేబులోంచి ఫోను తియ్యకు. ఇప్పుడేం సరిచేస్తావు? చచ్చిందని రాసి ఉంది. చచ్చిపోయింది. నీ రికార్డుకి ఇప్పుడు ఏ లోటూ లేదు.

అమ్మకా?

చెప్పలేదు. ఇంతసేపూ నిన్ను కడిగేసిన ఈ నోరు అమ్మ ముందు పెగల్లేదు. "దొరకలేదమ్మా, పేరు కచ్చితంగా కొడితేనే వస్తుందట" అన్నాను. అంతే, మనిషి నొప్పి మర్చిపోయి దిండుకి చేరగిలబడింది. "అయితే పిట్ట అని కొట్టు" అంది. కొట్టాను. లేదన్నాను. "మూతివిరుపు అని కొట్టు, నాన్న అలాగే అనేవాడు." లేదన్నాను. "బడిలో దాన్ని తాడుజడ అనేవాళ్ళే, జడ అంత లావు. ఓసారి ఆ జడతో వెనక బెంచీ పిల్ల చెంప వాయించింది, అది కొట్టు."

రోజూ సాయంత్రం ఇదే పని. ఒక పేరు, దాని వెనక ఒక కథ. చెప్తున్నంతసేపూ ఆ మొహంలో కాంతి చూడాలి నువ్వు. మళ్ళీ చిన్నపిల్లైపోతుంది. మొదట్లో నిజంగానే కొట్టేదాన్ని. ఇప్పుడు తెర ఆర్పేసి ఉత్తుత్తిగా వేళ్ళు ఆడిస్తున్నాను. అమ్మకి చూపు ఆనదు, తెలీదు. నేనే, బావా, ఇలా కన్నతల్లిని మోసం చేస్తున్నది. సిగ్గుగానే ఉంది. మానడం మాత్రం చేతకావడం లేదు.

ఉండు, లేచినట్టుంది. పిలుస్తోంది, విన్నావా? ఇంకో పేరేదో గుర్తొచ్చి ఉంటుంది.

గుమ్మం తెర తియ్యి, పద. ఇవాళ ఆ కుర్చీలో నువ్వు కూర్చో. ఆవిడ చెప్పిన పేరల్లా కొట్టు. లేదని చెప్పడం నీకు బాగా అలవాటేగా.