రెండు దెబ్బలు

విన్నిపెగ్‌లో ఉక్రేనియన్ల హాలు నేలమాళిగ. పైన ఆడవాళ్ళు కజ్జికాయల్లాంటి పెరోగీలు ఒత్తుకుంటూ కబుర్లలో ఉన్నారు. కింద మాత్రం ఇద్దరే. ముగ్గురి బ్యాండ్‌లో మిగిలింది అంతే మరి.

"అవునంటావా, కాదంటావా? పార్టీవాళ్ళకి సాయంత్రంలోగా చెప్పాలి డార్లా."

"ముగ్గురం ఒప్పుకుంటేనే అని కదా మన కట్టుబాటు, లూసియెన్."

"మూడో మనిషి పోయి ఏడాదైంది తల్లీ. సమాధి దగ్గరికెళ్ళి అడిగి రానా?"

"వెటకారమా?"

"కాదు. అద్దెలు పెంచొద్దని కట్టిన పాట. అద్దెల పెంపు ఆపుతామనే పార్టీ తమ సభలకి అడుగుతోంది. హాల్యా ఉంటే ఎగిరి గంతేసేది."

"ఏమో."

"ఏమో ఏంటి! పాట మొదట్లో ఆ 'టక్ టక్' ఉంది చూడు, దానికే పడిపోయారు వాళ్ళు. ప్రతి సభా దాంతోనే మొదలెడతారట. ఏం, మాట్లాడవేం? మౌనం అర్ధాంగీకారం అనుకోనా?"

"అలా అనుకోకు. ఇంకెప్పుడూ అలా అనుకోకు."

"అమ్మో! ఏమైందిప్పుడు?"

"ఆ టక్ టక్ ఎప్పటిది?"

"తెలీనట్టు అడుగుతావేం? చివరి రిహార్సల్‌ది. హాల్యాకి గొంతు పోయింది, నోరెత్తొద్దన్నాడు డాక్టరు. బల్ల మీద కొట్టి తాళం ఇచ్చింది. రికార్డింగులో పడింది, తెచ్చి పాటకి అతికించాం."

"అది కొట్టే ముందు నువ్వేమన్నావు?"

"ఏమన్నాను... మంచు తుఫాను వస్తోందంటున్నారు, అయినా బ్రాండన్‌లో అద్దెదార్ల కోసం కచేరీ, మానేస్తే బాగోదు, వెళ్దాం, ఎవరికైనా అభ్యంతరమా అన్నాను. ఎవరూ కాదనలేదు. బయల్దేరాం. వ్యాను నేనే నడిపాను. దారిలో అది జారి, హాల్యా... ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతావ్?"

"నిన్న సెల్కర్క్ వీధి అద్దెదార్ల మీటింగుకెళ్ళాను."

"నువ్వా? హాల్యా పిలిచి పిలిచి అలిసిపోయింది. మనం వాళ్ళ మీద పాటలు కట్టేవాళ్ళమే గానీ..."

"విను. అందరూ సరేనంటుంటే ఒక ఎరిట్రియా ముసలాయన బల్ల మీద రెండు దెబ్బలు కొట్టాడు. అంతే, మీటింగు ఆగిపోయింది."

"తాళమా?"

"నేనూ అలాగే అనుకుని నవ్వాను. పక్కావిడ చెప్పింది. ఇంగ్లీషు రానివాళ్ళు కూడా కాదనగలగాలని హాల్యానే పెట్టిందట ఆ పద్ధతి. నోరు విప్పక్కర్లేదు. రెండు దెబ్బలు కొడితే, నాకిష్టం లేదని."

"కాదు. కాదు డార్లా, అది తాళం. నాకు తెలుసు. కొడుతూ నా వంకే చూసింది."

"నీ వంకే చూసిందా?"

"చూసింది. నేను... భలే అని తలూపాను."

"లూసియెన్..."

"ఊరూరా తిరిగి ఆ దెబ్బలకి జనం చేత చప్పట్లు కొట్టించాను కదే! ఆ రికార్డింగు ఒక్కసారి పెట్టు. ఒకే ఒక్కసారి. తాళమో కాదో వింటాను."

"వద్దు. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావు హాల్యా చేత, రానని?"