నేను పట్టించిన కొరివి

నా పేరు చిట్యాల దేవదాస్. తండ్రి బుచ్చయ్య. వయసు ఇరవై. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ ఒక పేపరుకు ఫొటోలు పంపుతాను. ఉండేది కోరుట్ల. ఈ రోజు 27-6-2011, ఉదయం 11 గంటలకు నా అంతట నేనే స్టేషనుకు వచ్చి చెప్తున్నాను.

22వ తేదీ తెలంగాణ కోసం మెట్‌పల్లి రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేశారు. బస్సులు ఆగిపోయాయి. మధ్యాహ్నం 12.31కి, బీడీలు చేసే రాజవ్వ గంటెతో అన్నం కలుపుతుంటే ఫొటో తీశాను. అది నాకు చప్పగా అనిపించింది.

"పెద్దమ్మా, గంటె పక్కకు వెట్టి, పొయ్యిలకెల్లి కొరివి తీసి బస్సు దిక్కు సూపియ్యి" అన్నాను.

"అన్నం అడుగంటుతది కొడుకా."

"ఒక్క నిమిషమే. జర కోపంగ సూడు."

"కోపమెట్లస్తది? నాకు నవ్వొస్తుంది."

పక్కనున్న సరోజన, "నీ మొగడు తాగొచ్చిండనుకో" అన్నది. ఆడవాళ్లంతా నవ్వారు. రాజవ్వ కూడా నవ్వింది. తర్వాత ఒక్క క్షణం కోపంగా చూసింది. 12.33కి తీశాను. ఆమె కట్టెను మళ్లీ పొయ్యిలో పెట్టింది.

1.50కి ఆ బస్సు కాలింది. అప్పుడు నేను నెట్ సెంటర్లో ఫొటోలు పంపుతున్నాను.

తెల్లారి పేపర్లో రాజవ్వ ఫొటో వచ్చింది. కింద "బస్సుకు నిప్పు పెడుతున్న మహిళ" అని ఉంది. అది నేను రాయలేదు. కానీ హోటల్లో అందరూ "మస్తు కొట్టినవ్ ఫొటో" అంటే నవ్వి ఊరుకున్నాను.

25న పోలీసులు ఆ ఫొటో చూసి రాజవ్వను పట్టుకుపోయారు. ఆమె బిడ్డ వసంత మా ఇంటికి వచ్చి, "మా అవ్వ చేతికి కొరివిచ్చింది నువ్వే. నువ్వే ఇడిపియ్యాలె" అన్నది.

అందుకే కెమెరా కార్డు తెచ్చాను. అందులో 12.34కి తీసిన ఇంకో ఫొటో ఉంది. దాంట్లో కొరివి పొయ్యిలో ఉంది, రాజవ్వ చేతిలో గంటె ఉంది. ఎస్సై గారు దాన్ని కంప్యూటర్లో పెద్దగా చేసి చూశారు. వెనక, బస్సు చక్రం దగ్గర ఒకతను గ్యాసునూనె (కిరోసిన్) డబ్బాతో వంగి ఉన్నాడు. తీసేటప్పుడు నేను అతన్ని చూడలేదు. అతను నన్ను చూడలేదు. అక్కడ వంగమని నేను చెప్పలేదు.

"ఎవడు వీడు?" అని ఎస్సై గారు మూడుసార్లు అడిగారు.

ఈ ఫొటో ఇవ్వకుంటే రాజవ్వ బయటికి రాదు.

అతను మా అన్న సుదర్శన్.

పైన ఉన్నదంతా నేను చెప్పిందే. చదివి వినిపించారు. ఇందులో ఒక్క మాట కూడా నాతో ఎవరూ చెప్పించలేదు.

(సంతకం) చి. దేవదాస్