పిడికెడు బియ్యం చప్పుడు

అరవై తొమ్మిదిలో తెలంగాణ బందుకు బస్సులు నిలిచిపోతే, ఒక తల్లి చెవిటి బిడ్డను చంకనేసుకుని సురంగల్ నుంచి మొయినాబాద్ చర్చికి నడిచే వచ్చింది.

“గింత ఎండల ఎందుకొచ్చినవ్?”

“చెవిమిషన్ ఇప్పించిన్రు గద పాస్టరమ్మ. ఇచ్చినోళ్లకు దండం పెట్టాలె. పిడికెడు బియ్యం తీసి కొన్నరంట, ఎవరు వాళ్లు?”

“ఒక్కరా ఇద్దరా? చేవెళ్ల దాకా మన చర్చి సంఘాల ఆడోళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కకు తీసిన్రు. అవి అమ్మి కొన్నం. బిడ్డ ఇంటున్నదా?”

“మూడు దినాలు ఎంత పిలిచినా తిరగలే. దేవుడు రాయలేదనుకున్న.”

“మరి?”

“ఇయ్యాల పొద్దుగాల నేను గూడ ఖాళీ డబ్బల పిడికెడు బియ్యం పోసిన. గా చప్పుడుకు తిరిగి చూసింది.”

పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంది. తల్లి కొంగుముడి విప్పింది.

“గవే బియ్యం ఇవి. ఇంకో బిడ్డకు అక్కరకొస్తయ్.”