ఇంకొక్క బిళ్ళ

బంద్ కావడంతో ట్రాములూ లేవు, బ్యాంకూ లేదు. బాలీగంజ్ ఆఫీసర్ల క్వార్టర్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ చాప మీద అట్టబిళ్ళలు పేర్చి ఊళ్ళు కట్టే ఆట ఆడుతున్నారు. అరుంధతి కడుతున్న ఊరి చుట్టూ గోడ పూర్తవడానికి ఇంకొక్క బిళ్ళ చాలు. సరిగ్గా అప్పుడే ఆయన లేచివెళ్ళి కొత్త పెట్టె తెచ్చాడు.

"ఇదేమిటి?"

"ఈ ఆటకే అదనపు బిళ్ళలు. ఇరవై నాలుగున్నాయి. కలిపేద్దాం."

"ఆట మధ్యలోనా? ఓడిపోతున్నారనేగా!"

"ఛ, కాదు. ఇందులో రేవులున్నాయి, వంతెనలున్నాయి. ఆట పెద్దదవుతుంది."

"ఉన్న రూల్సు తలకెక్కడానికే నాకు దసరా పూజ సెలవులన్నీ సరిపోయాయి. ముందు నా గోడ పూర్తికానివ్వండి. తర్వాత మీ వంతెనలు ఎక్కడైనా కట్టుకోండి."

"అది కాదోయ్, నీకు నచ్చుతుందనే కొన్నాను."

అరుంధతి చెయ్యి ఆగిపోయింది. తను అడక్కుండా ఆయన ఏదీ కొనడు. కటక్ ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చినప్పుడు మిక్సీ కొన్నాడు. కలకత్తా ఆర్డరు వచ్చినప్పుడు పట్టుచీర కొన్నాడు.

"ఈసారి ఏ ఊరు?"

"...గౌహతి. జూన్‌లో చేరాలి."

"ఆ పెట్టె తీసుకెళ్ళి అటకమీద పడెయ్యండి. ఈ ఒక్క ఊరైనా నన్ను పూర్తిగా కట్టుకోనివ్వండి."